చందనం కింది నంబరు

తుళసిమణి ఒక్కో రోజు నాలుగైదు వందల మందికి ఉత్తరాలు పంపుతుంది. వాళ్లలో నూటికి తొంభై మంది ముఖాలు ఆమె చూడలేదు. పేర్లు మాత్రం తెలుసు. ఏ మిల్లులో మేస్త్రీ మారాడో, ఏ మిల్లును తండ్రి పోయాక కొడుకు చూసుకుంటున్నాడో, ఎవరు ఉత్తరం తెరుస్తారో, ఎవరు తెరవరో తెలుసు.

కోయంబత్తూరులో పీలమేడు దాటాక పత్తిని దువ్వే యంత్రాలు చేసే కంపెనీ ఒకటుంది. నూలు మిల్లుల్లో వాటిని కార్డింగ్ మిషన్లంటారు. ఆ కంపెనీ మేడ మీద కిటికీ పక్క బల్ల ఆమెది. ఇరవై ఏడేళ్లుగా అక్కడే కూర్చుంటోంది. బల్ల అదే. దాని మీది సామాను మారింది. మొదట టైపు మిషను ఉండేది, కవర్ల మీద చిరునామాలు కొట్టేది. తరువాత చిరునామా చీటీలు అచ్చువేసే ప్రింటరు వచ్చింది. నాలుకతో స్టాంపులు తడిపే పని అప్పటికీ పోలేదు. ఇప్పుడు కంప్యూటరు. అందులో మిల్లులన్నిటి వివరాలు నింపిన సిస్టమ్. మిల్లు ఎక్కడిది, ఏ మిషను, దాని నంబరెంత, చివరిసారి ఎవరు బాగుచేశారు, మెయిలు ఎవరికి వెళ్లాలి, ఒక్కోదానికి ఒక్కో గడి.

పని తేలికే. ఎవరికి పంపాలో సిస్టమ్‌కు చెప్పాలి. తిరుప్పూరు జిల్లా అంటే ఆ జిల్లా మిల్లులే మిగులుతాయి. నిరుడు బెల్టులు కొన్నవాళ్లు అంటే వాళ్లే మిగులుతారు. జల్లెడ పట్టినట్టు. మిగిలినవాళ్లందరికీ ఒకే ఉత్తరం, ఎవరి పేరుతో వాళ్లకు, ఒక్క నొక్కుతో వెళ్లిపోతుంది. ఎందరికి చేరిందో, ఎందరు తెరిచారో సాయంత్రానికి సిస్టమే చెబుతుంది.

తుళసిమణికి ఒక అలవాటు. మిగిలిన పేర్లను పంపేముందు ఒక్కొక్కటిగా చదువుతుంది. మేనేజరు నవనీతన్‌కు ముప్పై రెండేళ్లు. అతనికది వింతగా ఉండేది.

"జల్లెడ పట్టిన పిండిని మళ్లీ చేత్తో ఏరతారేమిటక్కా?"

"రాళ్లుంటే పంటికి తగిలేది మనకే సార్."

ఆమె ఏరేది మిగిలినవాటిని. జల్లెడలోకి రానివాటిని చూడాలని ఇరవై ఏడేళ్లలో ఎన్నడూ తోచలేదు.

ఆమె తండ్రి సింగానల్లూరులో మిల్లు కూలి. పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని యాభై దాటకుండానే పోయాడు. ఆయన పోయిన ఏడాదే ఆమె టైపు పరీక్ష పాసై ఈ కంపెనీలో చేరింది. మిల్లులోకి మాత్రం వెళ్లొద్దని తల్లి ఒట్టు పెట్టించుకుంది. ఆమె వెళ్లలేదు. మిల్లులకు ఉత్తరాలు పంపుతూ ఉండిపోయింది.

ఆ ఏడు ఆగస్టులో దిండిగల్ దగ్గరి ఒక మిల్లులో ఒక మనిషికి నాలుగు వేళ్లు తెగిపోయాయి. మిషను ఈ కంపెనీ చేసిందే.

కార్డింగ్ మిషను కడుపులో పెద్ద డ్రమ్ము ఉంటుంది. దాని ఒళ్లంతా సన్నని ఉక్కు ముళ్లు. కరెంటు ఆపేశాక కూడా అది ఐదారు నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. పెద్ద చప్పుడేమీ ఉండదు. వేగంగా తిరిగే ముళ్లు కంటికి నునుపుగా, నిలిచిపోయినట్టే కనిపిస్తాయి. అందుకే తలుపుకు తాళం పెట్టారు. డ్రమ్ము ఆగేదాకా అది వదలకూడదు. దిండిగల్‌లో రెండు నిమిషాలకే వదిలింది.

కిట్టుసామి వెళ్లి చూసి వచ్చాడు. కంపెనీలో అందరికంటే పాత ఫిట్టరు అతనే. తాళంలో ఒక చిన్న భాగం పదేళ్లు దాటితే అలసిపోతోందని తేల్చాడు. ఆ రకం తాళం 3100 నుంచి 4260 దాకా నంబర్లున్న మిషన్లకు పెట్టారు. వాటన్నిటికీ కొత్త తాళం ఊరికే ఇవ్వాలని కంపెనీ నిర్ణయించింది. అది చేరేదాకా, కరెంటు ఆపి పది నిమిషాలు ఆగనిదే తలుపు ముట్టుకోవద్దని నోటీసు తయారైంది. కంపెనీ వకీలు ఒక్కో మాటా తూచి ఇచ్చాడు.

తుళసిమణి నంబరు గడి దగ్గర 3100 అని కొట్టింది, 4260 అని కొట్టింది. నాలుగు వందల పన్నెండు మిల్లులు మిగిలాయి. పేరు పేరునా చదివింది. నవనీతన్ సరేనన్నాడు. పంపింది. తెరవనివాళ్లకు తనే ఫోను చేసింది. రెండు వారాల్లో ఒక్కరు కూడా మిగల్లేదు. ఆ సాయంత్రం మేడ దిగి ఎదురు బేకరీలో టీ తాగి, కొబ్బరి బన్ను తిన్నది. కిట్టుసామికీ ఒకటి ఇప్పించింది.

"ఏంటమ్మణీ, ఈరోజు చెయ్యి ధారాళంగా ఉంది?"

"నాలుగు వందల పన్నెండూ అందాయన్నా."

"అయితే ఇంకో బన్ను చెప్పు."

ఆయుధపూజ ఇంకా పది రోజులుందనగా, ఒక సోమవారం, పల్లడంలోని ఒక చిన్న మిల్లు నుంచి అర్దనారి అనే ఫిట్టరు ఫోను చేశాడు.

"అక్కా, బెల్టు ఒకటి కావాలి. ఉన్నది చీలి తాడైపోయింది."

"పంపిస్తాను. కొత్త తాళం బిగించారా?"

"ఏం తాళం?"

"మెయిలు రాలేదా మీకు?"

"మెయిలు మా ఓనరు చూస్తాడక్కా. ఆయనకు వచ్చేవన్నీ బ్యాంకువాళ్ల బెదిరింపులే. మీదొకటి వచ్చుంటే సంబరంగా చదివి వినిపించేవాడు. రాలేదు."

ఆమె వెతికింది. మిల్లు ఉంది. మిషను ఉంది. మెయిలు ఐడీ సరిగ్గానే ఉంది. నంబరు గడి ఖాళీ. కింద, మరమ్మతుకు వెళ్లిన మనిషి రాసిన ముక్క: ప్లేటు మీద బొట్టు ఉంది, నంబరు తెలియలేదు.

"మీ మిషను నంబరెంత, అర్దనారీ?"

"ప్లేటు కనబడితే కదక్కా చెప్పడానికి. పదిహేనేళ్ల చందనం ఉంది దాని మీద."

"ఆపిన తరువాత తలుపు ఎంతసేపటికి వస్తోంది?"



"తొందరగానే వస్తోంది. మంచిదేగా అనుకున్నాం."

ఆమె దిండిగల్ సంగతి చెప్పింది. పది నిమిషాలు ఆగాలని చెప్పింది.

"పది నిమిషాలా? షిఫ్టుకు ఆరుసార్లు పత్తి ఇరుక్కుంటుందిక్కడ. గంట పోతుంది."

"పోనీ."

"సరేలే అక్కా. పోతే పోనీ. ఓనరు అడిగితే మీ నంబరిస్తాను, మీరే తిట్లు తినండి."

ఫోను పెట్టేసి, ఎన్నడూ అడగని ప్రశ్న ఆమె సిస్టమ్‌ను అడిగింది. నంబరు గడి ఖాళీగా ఉన్నవి చూపమంది. నూట అరవై మూడు మిల్లులు వచ్చాయి.

ఖాళీ గడి ఏ రెండు అంకెల మధ్యా ఉండదు. అది 3100 కంటే ఎక్కువ కాదు, తక్కువా కాదు. సిస్టమ్ తప్పు చేయలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది.

కిందికి దిగి కిట్టుసామిని పట్టుకుంది. అతను నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటున్నాడు.

"నూట అరవై మూడు మిషన్లకు నంబరు లేదన్నా. వాటిలో ముప్పై మీరు వెళ్లి చూసినవే. రాసుకు రాకుండా ఎలా వచ్చారు?"

"బొట్టు తుడిచి నంబరు రాసుకోమంటావా?"

"ప్లేటు మీదే ఎందుకు పెడతారన్నా?"

"ఆ ప్లేటు ఎక్కడుంటుంది? మిషనుకు ముందు, నడిమధ్యన, మన కళ్ల ఎత్తులో. నుదురు లాగా. ఆయుధపూజకు బొట్టు ఇంకెక్కడ పెడతారు? ఏటేటా దాని మీదే పెడతారు. పాతది తుడవరు. రంగు వేసేవాడు వచ్చినా, దేవుడి బొట్టు ఎందుకు గీకడమని దాని మీదే రంగు పూసిపోతాడు. దాని మీద మళ్లీ చందనం. ప్లేటు ఒక దిబ్బ అయిపోతుంది. నేనూ పెట్టానమ్మణీ, నా చేత్తోనే."

"అమ్మినప్పటి కాగితాల్లో నంబరు ఉంటుందిగా?"

"అమ్మింది పెద్ద మిల్లులకు. అవి మూతపడ్డాయి. మిషన్లు దళారుల చేతులు మారి ఈ చిన్న మిల్లులకు చేరాయి. ఏది ఎక్కడికి పోయిందో ఎవరు రాసిపెట్టారు? ప్లేటే దిక్కు."

తరువాత తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "మిషను ఎంత పాతదైతే బొట్టు అంత మందం. తాళం అలసిపోయేదీ పాతవాటికే."

నవనీతన్ విన్నాడు. తెలివైనవాడు, సంగతి వెంటనే పట్టుకున్నాడు. పట్టుకున్నాక భయపడ్డాడు.

"ఈ నూట అరవై మూడులో మన నంబర్లవి ఎన్నుంటాయక్కా?"

"ముప్పయ్యో నలభయ్యో. తెలియదు."

"ముప్పై కోసం నూట అరవై మూడు మందికి మీ మిషను చెయ్యి తింటుందని రాద్దామా? అందరూ హడలి చస్తారు."

"హడలనివ్వండి సార్. హడలినవాడి చెయ్యి వాడి దగ్గరే ఉంటుంది."

"నోటీసు సంగతి నా చేతిలో లేదు. వకీలును అడుగుతాను."

"ఎప్పటికి చెబుతారు?"

"అడుగుతానన్నాను కదక్కా."

నోటీసు అన్న పేరుతో ఏది వెళ్లాలన్నా నవనీతన్ నొక్కాలి. ఆమె తయారుచేసి పెడితే అతని దగ్గర ఆగుతుంది. అది కొత్త సిస్టమ్ వచ్చినప్పుడు పెట్టిన ఏర్పాటు. మంగళవారం వకీలు మదురై కోర్టులో ఉన్నాడు. బుధవారం ఫోను ఎత్తలేదు. గురువారం జవాబొచ్చింది. నోటీసులో ఫలానా నంబర్లని రాశాం. నంబరు తెలియనివాళ్లకు అదే పంపితే రేపు కోర్టులో నోటీసే చెల్లదు. ముందు నంబరు తెలుసుకోండి, తరువాత పంపండి.

"ఎలా తెలుసుకోవాలట సార్?"

"మరమ్మతుకు వెళ్లినప్పుడు మనవాళ్లు చూడాలట."

"మరమ్మతు ఏడాదికోసారి."

నవనీతన్ చెడ్డవాడు కాదు. ఆమెకు ఆ డ్రమ్ము అంటే ఎంత భయమో, అతనికి వకీలంటే అంత.

ఆమె సోమవారమే ఆ జాబితా అచ్చువేసుకుంది. ఐదు కాగితాలు. మంగళవారం నుంచి భోజనం వేళ ఫోన్లు మొదలుపెట్టింది. ఒక చేత్తో పులిహోర డబ్బా, ఒక చేత్తో ఫోను. సిస్టమ్ ఇచ్చిన వరుసలోనే చేసింది. ఇంకో వరుస ఉండొచ్చని అప్పుడు తోచలేదు. సగం నంబర్లు పనిచేసేవి కావు. కొన్ని ఎవరో పిల్లల చేతుల్లోకి పోయాయి. కొందరు మాట పూర్తికానిచ్చేవారు కాదు.

"వద్దమ్మా, మాకు ఇన్సూరెన్సు ఉంది."

"ఇన్సూరెన్సు కాదండీ. మీ కార్డింగ్ మిషను..."

"అదీ ఉంది."

మళ్లీ చేసేది. విన్నవాళ్లు వినేవారు. కొందరు మేస్త్రీని పిలిచి ఫోను చేతికిచ్చేవారు. శుక్రవారం సాయంత్రానికి యాభై నాలుగు పేర్ల పక్కన గీత పడింది. ఇంట్లో భర్త అడిగాడు. గణపతి అనే పేటలో లేతు మిషను మీద పనిచేసే మనిషి.

"గొంతు బొంగురు పోయిందేం? ఎవరితో పోట్లాడావు?"

"యాభై నాలుగు మందితో."

"గెలిచావా?"

"ఇంకా నూట తొమ్మిది మంది ఉన్నారు."

శనివారం కిట్టుసామి మేడెక్కి వచ్చాడు. ప్రతి ఏడూ వచ్చినట్టే వచ్చాడు.

"పూజ శుభాకాంక్షల్లో ఈసారి ఏ బొమ్మ పెడుతున్నావమ్మణీ? పోయినేడు సరస్వతి చేతిలో వీణ సగమే వచ్చింది."

ఆమె అతని ముఖంలోకి చూసింది. పూజ శుభాకాంక్షల మెయిలు జాబితాలో ఉన్న ప్రతి మిల్లుకూ వెళుతుంది. దానికి జల్లెడ లేదు. దాన్ని ఎవరూ చదివి చూడరు, ఎవరూ నొక్కి ఇవ్వక్కర్లేదు. ఇరవై ఏడేళ్లుగా అది ఆమె రాసి, ఆమె పంపేదే. పైగా రాష్ట్రంలోని మిల్లులన్నీ మిషన్లు ఆపి, కడిగి, తుడిచే రోజు ఏడాదిలో అదొక్కటే.

"అన్నా, ఆ ప్లేటు పాడవకుండా దాని మీది చందనం తీయాలంటే ఎలా?"

అతనికి అర్థమైంది. ముఖం ముడుచుకున్నాడు. "పూజ నాడు బొట్టు తుడవమని రాస్తావా? కొడతారు."

"గుళ్లో అభిషేకం చేసేటప్పుడు పాత చందనం తీస్తారా, తీయరా?"

కిట్టుసామి కిటికీ లోంచి రోడ్డు వైపు చూశాడు.

"తీస్తారు," అన్నాడు. "కిరసనాయిలు గుడ్డ అరగంట కప్పి ఉంచమను. తరువాత చెక్కముక్కతో గీకమను. తీగ బ్రష్షు వద్దను, అంకెలు పోతాయి."

ఆమె రాసింది. నాలుగుసార్లు చింపి ఐదోసారి రాసింది.

*మిల్లువారికీ, మిషను ముందు నిలబడే ప్రతి ఒక్కరికీ పూజ శుభాకాంక్షలు. ఈ ఏడు పూజకు ముందు మీ పాత మిషన్లకు అభిషేకం చేయండి. ముందున్న ప్లేటు మీది పాత చందనాన్నీ రంగునూ కిరసనాయిలు గుడ్డతో నానబెట్టి, చెక్కముక్కతో తీయండి. కింద నంబరు ఉంటుంది. అది మాకు రాయండి. కొత్త బొట్టు ప్లేటు పక్కన పెట్టండి. మా దగ్గర నుంచి జవాబు వచ్చేదాకా, కరెంటు ఆపి పది నిమిషాలు కాకుండా తలుపు తెరవకండి. ఎంత ఆగినట్టు కనిపించినా తెరవకండి. మీ చేతులు చల్లగా ఉండాలి.*

బొమ్మ పెట్టలేదు. సోమవారం పొద్దున తొమ్మిదికి పంపింది.

తొమ్మిదింబావుకు నవనీతన్ వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఇదేమిటి?"

"శుభాకాంక్షలు సార్."

"పది నిమిషాలని ఉంది."

"మనం ఇచ్చే పుస్తకంలోనూ, ఆగేదాకా తెరవొద్దనే ఉంటుంది. పండగ కదా, ఇంకోసారి చెప్పాను."

అతను వెళ్లేటప్పుడు తలుపు నెమ్మదిగా వేశాడు.

గురువారం పూజ. బుధవారం పొద్దున నుంచే మిల్లులు కడగడం మొదలైంది. జవాబులూ మొదలయ్యాయి. కొన్ని అంకెలు మాత్రమే. కొన్ని ఫొటోలు: నల్లని గుడ్డ, పసుపచ్చని పెళ్ల, దాని కింద మెరిసే నాలుగు అంకెలు. కొన్ని తిట్లు.

*నలభై ఏళ్లుగా ముట్టని బొట్టు తీయించారు. మా అమ్మ అన్నం మానేసింది. నంబరు 2877.*

*తీశాం. లోపల ఏడు రంగులున్నాయి. 3391.*

*మా ఓనరు మీ మెయిలు గట్టిగా చదివి వినిపించాడు. బ్యాంకుది కానందుకు సంతోషించాడు. 4102. పల్లడం అర్దనారి.*

ఆమె ఒక్కొక్క గడీ నింపుతూ పోయింది. 2877 అయితే ఊపిరి వదిలేది. 3391 అయితే వెంటనే ఫోను చేసేది. మర్నాడు సెలవు గనుక నాలుగింటికే ఆఫీసులో పూజ జరిగింది. కంప్యూటర్లకూ చందనం పెట్టారు. బొరుగులు, పుట్నాలు, అరటిపండు పొట్లాలు పంచారు. పొట్లం పక్కన పెట్టుకుని ఆమె తరువాతి ఉత్తరం తెరిచింది. ధారాపురం దగ్గరి మిల్లు నుంచి. రాసింది అక్కడి మేస్త్రీ.

*నంబరు 3742. మేము కొత్తగా తీయలేదు. పోయిన శుక్రవారం మా దగ్గర పనిచేసే పిల్ల చెయ్యి పోయినప్పుడు ఫ్యాక్టరీ ఇన్స్పెక్టరు వచ్చి గీకి చదివాడు.*

ఆమె రెండుసార్లు చదివింది. సొరుగు లాగి ఐదు కాగితాలూ తీసింది. ధారాపురం తొంభై ఒకటో పేరు. శుక్రవారం నాడు ఆమె యాభై నాలుగు దగ్గర ఆగింది.

గడిలో 3742 అని కొట్టింది. కొట్టాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్క గదిలో ఎవరో కొబ్బరికాయ కొట్టారు.

సెలవులు గడిచి శనివారం మళ్లీ జల్లెడ పట్టింది. 3100 నుంచి 4260. ఈసారి నాలుగు వందల నలభై తొమ్మిది. కొత్తగా ముప్పై ఏడు. నంబరు ఉంది కనుక నోటీసుకు ఇక అడ్డు లేదు. నవనీతన్ జాబితా చూశాడు. ధారాపురం దగ్గర వేలు ఆగింది.

"ఈ ఒక్కటి తీసేయండక్కా. వకీలు చూసుకుంటాడు. వాళ్లకు మనవైపు నుంచి ఒక్క ముక్క కూడా వెళ్లకూడదన్నాడు."

"ఆ పిల్ల పేరేమిటి సార్?"

"మేగల అనుకుంటా. ఇక్కడే పెద్దాసుపత్రిలో ఉంది." అని, అనకుండా ఉండాల్సిందన్నట్టు కళ్లు దించుకున్నాడు.

ఆమె ధారాపురం పేరు తీసేసింది. ముప్పై ఆరింటికి నోటీసు వెళ్లింది.

ఆసుపత్రి ఆమె బల్లకు రెండు మైళ్లు. ఆదివారం నాలుగింటికి, చూడవచ్చేవాళ్లను వదిలే వేళకు వెళ్లింది. ఆడవాళ్ల వార్డులో చివరి మంచం. ఇరవై ఏళ్ల పిల్ల. కుడిచెయ్యి మణికట్టు పైన కట్టు దగ్గర ముగిసిపోయింది. పక్కన నేల మీద తల్లి పాప్పాత్తి కూర్చుని ఉంది.

"ఎవరమ్మా మీరు? మిల్లువాళ్లా?"

"కాదు. ఆ మిషను చేసిన కంపెనీ."

"మీరేం రాయించుకోవాలి? మిల్లువాళ్లు వచ్చి రాయించుకుపోయారు, పిల్లది అజాగ్రత్త అని. నా వేలిముద్ర వేయించుకున్నారు."

"రాయించుకోవడానికి రాలేదు. చెప్పడానికి వచ్చాను."

నిలబడే చెప్పింది. తాళం సంగతి, దిండిగల్ సంగతి, నోటీసు సంగతి. నాలుగు వందల పన్నెండు మిల్లులకు వెళ్లిందని, వాళ్ల మిల్లుకు వెళ్లలేదని. తగ్గించి చెప్పలేదు. మేగల పైకప్పు వైపు చూస్తూ వింది.

"పత్తి ఇరుక్కుంది," అంది. "ఆపాను. తలుపు లాగితే వచ్చింది. ఆగినట్టే ఉంది లోపల." తరువాత అడిగింది, "మా మిల్లుకు చెప్పలేదని మీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"ఏ సోమవారం?"

"ఆ శుక్రవారానికి ముందు వచ్చిన సోమవారం."

మేగల ఎడమచేతి బొటనవేలితో వేళ్ల మీద లెక్కపెట్టింది. "మంగళ, బుధ, గురు. బుధవారం జ్వరమని మానేశాను. శుక్రవారం కూడా తగ్గలేదు. మేస్త్రీ తిడతాడని వెళ్లాను."

పాప్పాత్తి లేచింది. "తెలిసి నాలుగు రోజులు ఊరుకున్నారా? నోట్లో మన్ను పెట్టుకున్నారా?"

"ఫోన్లు చేశానమ్మా. శుక్రవారానికి యాభై నాలుగు మిల్లులయ్యాయి. మీది తొంభై ఒకటి."

"మేం తొంభై ఒకటా!" ఆమె గొంతుకు వార్డులోని తలలన్నీ తిరిగాయి. "వినండమ్మా, మేం తొంభై ఒకటంట!"

పాప్పాత్తి తిట్టినంతసేపూ తుళసిమణి నిలబడింది. తల్లి అలసి కూర్చున్నాక, తన సంచిలోంచి తెల్లకాగితాలు తీసి, మందులు పెట్టే బల్ల మీద పెట్టి రాయడం మొదలుపెట్టింది. పేరు, ఉద్యోగం, ఎన్నేళ్లుగా. ఏ తాళం, దానికి ఏమైంది, కంపెనీకి ఎప్పుడు తెలిసింది. ఇందులో మేగల తప్పు లేదు. మిషనుకు నంబరు లేనందున నోటీసు ఆ మిల్లుకు పంపలేదు. తేదీ వేసి, సంతకం పెట్టకముందు కాగితం మేగల ముందుంచింది. ఫ్యాను గాలికి ఎగరకుండా పిల్ల ఎడమచెయ్యి దాని మీద పెట్టి చదివింది. మెల్లగా చదివింది.

"నంబరు లేనందున అని రాశారు."

"ఔను."

"నంబరు ఉందిగా. ఇన్స్పెక్టరు గీకితే వచ్చింది. నేను పడి ఉండి చూశాను."

తుళసిమణి కాగితం వెనక్కి తీసుకుంది. ఆ ముక్క కొట్టేసింది. దాని పైన రాసింది: మిషనుకు నంబరు ఉంది. మేము చూడలేదు. చూడకుండా ఆ మిల్లును వదిలేశాము. కొట్టివేత పక్కన ఒక సంతకం, కింద ఒక సంతకం పెట్టింది. ఇంకో కాగితం మీద దాన్నే మళ్లీ రాసి తన సంచిలో పెట్టుకుంది.

పాప్పాత్తి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. వెళ్లి రమ్మనలేదు, కూర్చోమనలేదు.

సోమవారం పొద్దున ఆమె రెండో కాగితం నవనీతన్ బల్ల మీద పెట్టింది. అతను చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఇది వాళ్ల చేతిలో ఉందా?"

"ఉంది సార్."

"దీనితో ఏం చేస్తారో తెలుసా మీకు?"

"లేబరు ఆఫీసుకు పట్టుకెళ్లమని చెప్పాను."

"మీ ఉద్యోగం?"

అతను కాగితం తిప్పి, వెనకవైపు ఏమైనా ఉందేమో చూశాడు. ఏమీ లేదు.

"నేను పైకి పంపాలి దీన్ని," అన్నాడు.

"పంపండి సార్."

అతను తల వంచుకుని ఉండగా ఆమె తన బల్ల దగ్గరికి వెళ్లింది. నూట అరవై మూడులో నలభై ఐదు మిల్లులు ఇంకా జవాబివ్వలేదు. ఆ పేర్లన్నీ తెరిచింది. ఈసారి సిస్టమ్ ఇచ్చిన వరుసలో కాకుండా, మిషను ఎంత పాతదో కిట్టుసామి చెబితే రాసుకున్న వరుసలో. అన్నిటికంటే పాతది సత్యమంగళం దగ్గర ఉంది. ఆమె ఫోను ఎత్తింది.

"ఎవరు?" అన్నారు అటువైపు. హోరు వినిపిస్తోంది. మిషను నడుస్తోంది.

"కార్డింగ్ మిషను దగ్గర ఎవరున్నారో వాళ్లకు ఇవ్వండి," అంది తుళసిమణి. "ఓనరు కాదు. చెయ్యి పెట్టేవాళ్లకు."